అంగట్లో పంటి పురుగులు

పటాన్‌చెరు వారపు అంగట్లో పంటి పురుగులు తీసేవాడొకడు కూర్చునేవాడు. వాడి పేరు నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. వాడి మీద కోపం మాత్రం ఇన్నేళ్లయినా చల్లారలేదు. చల్లారితే అక్కకు ద్రోహం చేసినట్టే అనిపిస్తుంది నాకు.

వాడి తంతు ఇలా ఉండేది. తాంబాళంలో నీళ్లు పోసి, మధ్యలో నిప్పుల చిప్ప పెట్టేవాడు. నిప్పుల మీద నూనె పట్టించిన ముళ్లవాకుడు కాయల గింజలు చల్లి, పైన చిల్లున్న ముంత బోర్లించి, ఆ చిల్లులో వెదురు గొట్టం దూర్చేవాడు. పంటినొప్పి ఉన్నవాళ్లు ఆ గొట్టం నోట్లో పెట్టుకుని పొగ పట్టాలి. కాసేపయ్యాక ముంత తీస్తే నీళ్లలో సన్నటి తెల్లటి పురుగులు తేలేవి. అవన్నీ పంట్లోంచి గొట్టం గుండా దిగాయనేవాడు. మా తండా ఆడవాళ్లే కాదు, షావుకార్ల ఇళ్ల ఆడవాళ్లు కూడా ముక్కున వేలేసుకుని చూసేవాళ్లు.

డెబ్బైల మొదట్లో మా లంబాడీ తండా వాళ్లు చాలామంది ఫ్యాక్టరీ షెడ్ల పునాదులు తవ్వే కూలికి పోయేవాళ్లు. అక్క కూడా కడుపుతో ఉండగానే కంకర తట్టలు మోసింది. నేను మిషన్ బడిలో చదువుకుని, అక్కడి ఆసుపత్రిలోనే నర్సు పని నేర్చుకుంటున్నాను. సెలవు దొరికితే తప్ప తండాకు వచ్చేదాన్ని కాదు.

అక్కకు వేవిళ్లు ఎక్కువ. వేపపుల్ల నోట్లో పెడితేనే వాంతి వచ్చేదట. పళ్లు తోమడం మానేసింది. చిగుళ్లు వాచి రక్తం కారడం మొదలైంది, ఒక దవడ పన్ను పుచ్చిపోయింది. వాళ్ల అత్త చెయ్యి పట్టుకుని అంగడికి తీసుకుపోయింది. పొగ పట్టించి, పురుగులు చూపించి, వాడన్న మాటలు తర్వాత తండాలో అందరూ నాకు అప్పజెప్పారు.

"కడుపుతోని ఉన్నదానికి పురుగు పంట్లనే ఉండదు తల్లీ. కిందికి దిగి బిడ్డను తింటది. దవాఖానల సూది ఏయించినవో, ఇంక జల్దీ దిగుతది. మళ్ల అంగడికి తోల్కరా."

తీసుకుపోయింది. ప్రతి అంగడికీ తీసుకుపోయింది. అక్క బుగ్గ వాచింది, తర్వాత దవడ కింద, తర్వాత మెడంతా. ఉమ్మి కూడా మింగలేని స్థితి వచ్చాక బండి కట్టారు. సంగారెడ్డి చేరకముందే ఊపిరాడక పోయింది. కడుపులో బిడ్డ కూడా పోయింది. నాకు కబురు వచ్చేసరికి మట్టి చేసేశారు.

ఆసుపత్రిలో మా పెద్ద నర్సమ్మ ఈ సంగతి విని, "తండా వాళ్లు నోళ్లు కడగరు, చెప్తే వినరు" అంది. తండాకు వచ్చి చెప్పిందెవరని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే మర్నాడే ఇంటికి పంపేస్తారు. పళ్లు కొరుక్కుని ఊరుకున్నాను. ఆ కసి అంతా అంగట్లో కూర్చున్న వాడి మీదికి మళ్లింది. కాదు, అబద్ధమెందుకు, సగం అక్క అత్త మీదికి కూడా మళ్లింది.

ఒకసారి అంగడికి పోయి వాడి చాప పక్కన రాలిన గింజలు ఏరుకొచ్చాను. హాస్టల్ వెనక అదే పద్ధతిలో కాల్చాను. ఎవరి నోరూ లేకుండానే గింజలు పగిలి, లోపలి మొలకలు వంకర తిరిగి నీళ్లలో పడ్డాయి. అచ్చం పురుగులే. అక్కడే కూలబడి ఏడ్చాను.

బావ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి ఆ వచ్చిన పిల్ల కూడా కడుపుతో ఉంది. నేను సెలవుకు వచ్చేసరికి బుగ్గ చేత్తో పట్టుకుని మూలన కూర్చుని ఉంది. నోరు తెరిపించి చూశాను. దవడ పన్ను పుచ్చి, చుట్టూ చీము పట్టింది. అక్క నోరు చూడలేకపోయినదాన్ని, ఆ పిల్ల నోరు మాత్రం పట్టి పట్టి చూశాను.

మాలో మేము మాట్లాడుకునేది లంబాడీలో. ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

"రేపు అంగడికి తోల్కపోత" అంది అత్త.

"వద్దత్తా. అవి పురుగులు కావు, గింజలు. దవాఖానకు పోదాం."

"నాలుగు అచ్చరాలు రాంగనె నాకే సెప్తవా? నా కండ్లతోని సూసిన."

ఎంత చెప్పినా వినలేదు. అత్తకు తెలియని సంగతి ఒకటి నేను గమనించాను. మా ఆడవాళ్లు పరాయి మగవాడి ముందు ముసుగు తియ్యరు. గొట్టం ముసుగు కిందికి పోతుంది, అంతే. వాడు ఎవరి నోరూ ఎన్నడూ చూడలేదు. అత్త నోట్లో ఒక్క పన్ను కూడా లేదు.

"సరే, నేనూ వస్త" అన్నాను.

మర్నాడు అంగట్లో వాడి ముందు ఆ పిల్ల బెదిరిపోయింది. నేను అదే అదనుగా, "అత్తా, ముందుగాల నువ్వు కూసో. నిన్ను సూసి అది ధైర్యం తెచ్చుకుంటది" అన్నాను.

"నాకు పండ్లేడియే?" అని గొణిగింది.

"పొగకేమైతది? జెరసేపు కూసో."

కూర్చుంది. ముసుగు కిందికి లాగి, చేతులు లోపలే పెట్టుకుంది. గొట్టం నేనే పట్టుకున్నాను. వాడి కళ్లు ఎప్పటిలాగే గుంపు మీద ఉన్నాయి.

"ఏ దిక్కు?" అన్నాడు.

"ఎడమ దవడ."

"కడుపుతోని ఉందా? ఎన్నో నెల?"

"ఏడు" అన్నాను.

గింజలు చిటపటమన్నాయి. వాడు ముంత తీసి, పుల్లతో పురుగులు ఎత్తి అందరికీ చూపించాడు. "సూసినవా తల్లీ, కొన్ని అప్పుడే కిందికి దిగినయి. దవాఖాన దిక్కు పోయినవంటే బిడ్డ దక్కదు!"

ముసుగు కింద అత్త బిగుసుకుపోవడం నా చేతికి తెలిసింది. నేను ముసుగు ఎత్తేశాను.

"ఏ పంట్లకెల్లి తీసినవో సూపెట్టు!"

అత్త నోరు తెరుచుకునే ఉంది. ముందు చింతపండు అమ్మే ఆమె పకపకా నవ్వింది. తర్వాత అంగడంతా నవ్వింది. వాడు, "చిగుళ్లల్ల గూడ ఉంటయి" అని నసిగాడు. వాడి గింజలే గుప్పెడు తీసి నిప్పుల మీద పోసి, ముంత బోర్లించి ఎత్తాను. నీళ్ల నిండా పురుగులు! ఎవరో వాడి తాంబాళాన్ని తన్నారు, ఎవరో చొక్కా పట్టుకున్నారు. వాడు దెబ్బలు తింటుంటే నాకు కడుపు నిండినట్టయింది. ఆపమని నేననలేదు.

జనం వదిలాక దగ్గరికి పోయి, "నీ మూలంగ మా అక్క సచ్చింది. కడుపుతోని ఉండె" అన్నాను.

వాడు నెత్తురు తుడుచుకుంటూ నన్ను పరకాయించి చూశాడు. "ఎవరమ్మా?" అని అడిగాడు.

వాడికి గుర్తే లేదు. ఎందరిని అలా భయపెట్టి పంపాడో! ఇంకో నాలుగు తగిలితే బాగుండుననిపించింది. వాడు మళ్లీ ఆ అంగట్లో కనపడలేదు.

తిరిగి వస్తూ కొత్త షెడ్ల పక్కన నడుస్తున్నాం. అత్త ఉన్నట్టుండి ఆగింది.

"మరి దాని నోట్ల ఏముండె?"

అక్క సంగతే అడుగుతోందని తెలుసు.

"చీము. దవాఖానల ఆ పన్ను పీకితే బతుకుతుండె. నువ్వే చెయ్యి పట్టి వానికాడికి తోల్కపోయినవ్."

అత్త రోడ్డు మీదే కూలబడింది. నేను లేవనెత్తలేదు. ఆ పిల్లే లేపింది. ఆ మాట అన్నందుకు అప్పుడూ బాధపడలేదు, ఇప్పుడూ పడను.

సెలవు అయిపోయి ఆ సాయంత్రమే నేను హాస్టల్‌కు వెళ్లిపోయాను. మర్నాడు పొద్దున్నే అత్త కోడల్ని తీసుకుని మా ఆసుపత్రి ముందు నిలబడింది. డాక్టరమ్మ సూది వేసి పన్ను తీసింది. ఆ తర్వాత తండాలో ఎవరికి నెల తప్పినా అత్తే ముందు పోయేది. "నోరు తెరువు" అని గద్దించేది. వాంతి వస్తుందని పళ్లు తోమకపోతే ఉప్పునీళ్లు పుక్కిలించేదాకా పక్కనే నిలబడేది. చిగుళ్లు వాస్తే వద్దన్నా వినకుండా నా దగ్గరికి తెచ్చేది. నేను చూసి పంపేదాన్ని. ఆమెతో మాత్రం అవసరానికి మించి మాట్లాడేదాన్ని కాదు.

ఆ పిల్ల మా ఆసుపత్రిలోనే ప్రసవించింది. ఆడపిల్ల. అత్త పాపను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. కళ్లనిండా నీళ్లు.

"మీ అక్కనే మళ్ల పుట్టిందనుకో బిడ్డా. ఇగనన్న కోపం ఇడువు."

పాపను గుండెకు హత్తుకున్నాను. వెచ్చగా, గుప్పెడంత ఉంది.

"మా అక్క సచ్చింది. ఇది నీ మనవరాలు. దీని నోరన్న మంచిగ సూస్కో" అన్నాను.

పాపను ఆమె చేతుల్లో పెట్టేసి వార్డులోకి పోయాను.