టాంగోకు ముందు ఒక దండం

పక్కింటి పిల్లలు వరండాలో క్యారమ్ బోర్డు మీద టాల్కం పౌడర్ చల్లుకుంటున్నారు. ఆ వాసన మా వంటింటిదాకా వచ్చింది. పప్పులో గరిట తిప్పుతుండగానే నా కుడికాలు దానంతటదే నేల మీద వెనక్కి జారింది. నవ్వొచ్చింది. ఈ పిచ్చి నాకు అంటించింది సులోచన టీచరమ్మ.

ఆమె చంద్రపూర్‌లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. పుణెలో కూతురి దగ్గర కొన్నాళ్లుండి, అర్జెంటీనా వాళ్ల జంట నాట్యం టాంగో నేర్చుకుని వచ్చి, మా బొగ్గు గనుల కాలనీ హాల్లో ఆదివారం సాయంత్రాలు నేర్పుతానన్నారు. భార్యాభర్తలు కలిసి రావాలన్నది షరతు. గనిలో షిఫ్టు, ఇంట్లో నిద్ర తప్ప మూడోది ఎరుగని మా ఆయన మల్లేశ్‌ను బతిమాలి తీసుకెళ్లాను. మేమిద్దరం కలిసి చేసే పని ఒక్కటైనా ఉండాలని నా ఆశ.

ఆ హాల్లో వినాయకుణ్ణి నిలబెడతారు కాబట్టి చెప్పులు బయటే. ఉత్తకాళ్లు బండల మీద జారవని టీచరమ్మ పౌడర్ చల్లేవారు. "భుజాలు విశ్రామ్, కాళ్లు సావధాన్" అని అరిచేవారు. ఆయన ముందుకు, నేను వెనక్కి నడిచే నడక వచ్చింది. కాళ్లతో నేల మీద ఎనిమిది అంకె గీసే ఓచో కూడా వచ్చింది. చిక్కంతా కాలికి కాలు తగిలినప్పుడే. తగలగానే అందరం పట్టు వదిలేసి, వంగి, ఎదుటివాళ్లను తాకి కళ్లకద్దుకునేవాళ్లం. చిన్ననాటి నుంచి ఒంటికి పట్టిన అలవాటు. పాట ముందుకు పోయేది, మేం దండాల దగ్గరే ఉండేవాళ్లం.

ఇంతలో బర్రీదా నేర్పే రోజు వచ్చింది. అందులో మగవాడు తన పాదాన్ని ఆడమనిషి పాదానికి ఆనించి పక్కకు జరపాలి. అంటే కావాలనే కాలు తగిలించాలి. తగిలింది. నేను వంగిన వేగానికి నా తల ఆయన గడ్డానికి కొట్టుకుంది. ఆయన గడ్డం రుద్దుకుంటూ వెళ్లి చెప్పులు వేసుకున్నాడు.

"నాతోని గాదు టీచరమ్మా. ఇగ నేను రాను."

నా ప్రాణం ఉసూరుమంది. టీచరమ్మ పాట ఆపారు.

"పోదువు గని మల్లేశ్, ఒక్కటి చెప్పు. గా దండం ఆట నడుమనే పెట్టాల్నా? ముందుగాలనే పెట్టుకుంటే చెల్లదా?"

ఆయన చెప్పులతోనే వెనక్కి తిరిగాడు. "చెల్లుతది."

"గీ అడుగుల ఎవల కాలు ఎవలకు తగుల్తది?"

"నా కాలే, సరోజకు."

"మరి దండం ఎవలు పెట్టాలె?"

ఆయన చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. అందరి ముందూ వంగి, నా పాదాలు తాకి కళ్లకద్దుకున్నాడు. పెళ్లాం కాళ్లకు దండం పెట్టిన మగవాణ్ణి మా కాలనీలో నేను అంతవరకు చూడలేదు. సిగ్గుతో చెంపలు వేడెక్కాయి. సంతోషం పట్టలేక కళ్లలో నీళ్లొచ్చాయి.

"ఇగ ఎన్నిసార్లన్న తగలనియ్" అని టీచరమ్మ పాట పెట్టారు. ఆ సాయంత్రం మా కాళ్లు ఎన్నోసార్లు తగిలాయి. ఎవరం పట్టు వదల్లేదు.

టీచరమ్మ ఇప్పుడు పుణెలోనే ఉంటున్నారు. మాకు మంచం పక్కనున్న జాగాయే హాలు. గుమ్మంలో చెప్పులు విప్పిన చప్పుడైంది. ఆయన షిఫ్టు దిగి వచ్చాడు. నేను స్టవ్ ఆపి చేతులు తుడుచుకున్నాను. స్నానం చేసి వచ్చి ఫోన్లో పాట వెతుకుతూ "పౌడర్ డబ్బా ఏడున్నది?" అని అడిగాడు. నేను కదిలేలోపే, పాట మొదలవకముందే, నా కాళ్ల దగ్గర వంగాడు.