బల్లకాలులో దాచిన డబ్బు

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. అన్నవాళ్లెవరూ మా బావతో కాపురం చేసి ఉండరు. మా అక్క చేస్తోంది.

బావ పగలు లిఫ్టుల కంపెనీలో మెకానిక్కు. సాయంత్రం ఇంటి వెనక రేకుల షెడ్డులో గేట్లు, కిటికీ గ్రిల్సు వెల్డింగు చేస్తాడు. పని చేసేది ఒక ఇనుప బల్ల మీద. దాని కాళ్లు లావుపాటి గొట్టాలు. ఒక కాలికి పైన సన్నటి చీలిక పెట్టాడు. గేటు అమ్మినప్పుడల్లా ఇనుముకూ కరెంటుకూ పోగా మిగిలినదాంట్లో కొంత చుట్టచుట్టి అందులోకి తోసేవాడు. మిషను కాలిపోయినా, ఉద్యోగం ఊడినా, ఇంట్లో ఎవరైనా మంచం పట్టినా ఆ రోజుకని. మళ్లీ తియ్యాలంటే కాలు కొయ్యాల్సిందే. కాలు కోస్తే బల్ల కూలుతుంది.

"బ్యాంకులో వేసుకోవచ్చుగా బావా?" అన్నాను ఒకసారి.

"బ్యాంకులో ఉంటే నువ్వు నవ్వుతూ అడిగినా తీసిచ్చేస్తాను మరదలుపిల్లా. ఇక్కడైతే రంపం పట్టుకోవాలి. పట్టుకున్నాక ఎవడైనా రెండోసారి ఆలోచిస్తాడు."

షెడ్డులో బావతోపాటు అతని తమ్ముడూ పనిచేసేవాడు. చేతిలో పనితనం ఉంది, కాదనను. కానీ నిలబడి నీళ్లు తాగే ఓపిక లేదు, పరిగెత్తి పాలు తాగాలి. ఒక మేస్త్రీ పెద్ద భవనానికి మెట్ల రెయిలింగులన్నీ మీరే చెయ్యండి, ఇనుము మాత్రం ముందు మీరే కొనుక్కోండి అన్నాడట. ఆ ఆదివారం మధ్యాహ్నం షెడ్డులో కేకలు వినబడి నేనూ అక్కా పరిగెత్తాం.

"ఇంత పని మళ్లీ రాదన్నా. కాలు కోద్దాం."

"ఇది అవకాశంరా, ఆపద కాదు. అవకాశానికి ఎవడైనా అప్పిస్తాడు. ఆపదలో ఉన్నవాణ్ణి చూస్తే తలుపులేసుకుంటారు."

"అందులో నా చెమట లేదా?"

"ఉంది. నీకు ఆపదొచ్చినా కోస్తా."

తమ్ముడు అన్న గుండెల మీద తన్నాడు. గోడకు ఆనించిన గేటుతో సహా బావ కిందపడ్డాడు. లేచి చెంప పగలగొట్టాడు. వాడు ఇనుప కడ్డీ తీసి అన్న కనుబొమ్మ మీద కొట్టాడు. బావ మళ్లీ కూలబడ్డాడు, రక్తం కంట్లోకి కారింది. అక్క వెనకనుంచి వాడి జుట్టు పట్టుకుంటే మోచేత్తో పొడిచాడు, ఆమె పెదవి చిట్లింది. నాకు ఒళ్లు మండి చేతికందిన సుత్తి విసిరాను. తగల్లేదు. ఆ బాధ నాకిప్పటికీ ఉంది.

వాడు గ్యాస్ కట్టర్ వెలిగించి మంటను బల్లకాలికి పెట్టాడు. రోజూ ఆ పని చేసేవాడే. ఇనుమును కరిగించే మంట లోపలి కాగితాన్ని వదలదని వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. కోపంలో ఇనుమొక్కటే కనబడింది. చీలికలోంచి పొగ లేచింది.

"కాలిపోతుందిరా!" అని అరుస్తూ బావ నేలమీద పాకి వచ్చాడు. కంట్లో రక్తం, ఏది ఎక్కడుందో సరిగ్గా కనబడదు. కుడిచేత్తో కట్టర్ మూతినే పట్టుకుని పక్కకు తిప్పాడు. ఆ అరుపు మనిషిది అనిపించలేదు. మాంసం కాలిన వాసన షెడ్డంతా నిండింది. తమ్ముడు గ్యాసు కట్టేసి కొయ్యలా నిలబడిపోయాడు.

నేను చీలికలో చెంబుతో నీళ్లు పోశాను. అక్క బావ చేతిని నీళ్ల బకెట్లో ముంచి, బండి పిలవడానికి వీధిలోకి పరిగెత్తింది. లిఫ్టు తీగలు బిగించే చెయ్యి, గేట్లు అతికించే చెయ్యి, ఇంట్లో నలుగురికీ అన్నం పెట్టే చెయ్యి అదే. వేళ్లు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. నాకు ఏడుపాగలేదు.

బావ పళ్లు బిగబట్టి తమ్ముడి వైపు తలెత్తాడు.

"ఇప్పుడు కొయ్యరా," అన్నాడు. "ఇప్పుడొచ్చింది ఆపద. రంపంతో కొయ్యి."

వాడు ఏడుస్తూ రంపం అందుకున్నాడు.