పుస్తకం భాషలో తప్పిపోయిన మా అవ్వ

మీకు ఇప్పుడొక మహాగాథ చెప్పబోతున్నాను. ఇందులో జనసముద్రం ఉంది. ఘోరమైన వియోగం ఉంది. ఊరు ఊరంతా తల వంచి నిలబడిన ఘట్టం ఉంది. చివర్లో సాక్షాత్తూ ఆకాశవాణి కూడా వినిపిస్తుంది. కాబట్టి కాస్త సర్దుకుని కూర్చోండి.

కూర్చోకపోయినా నష్టమేమీ లేదు లెండి. జరిగింది ఇంతే: నార్కట్‌పల్లిలో మా బజారు జాతరలో మా అవ్వ ఒక అరగంట కనబడలేదు. ఆమెను వెతకడానికి నేను నోరు తెరిచాను. తెరవకుండా ఉంటే ఇది గాథ అయ్యేది కాదు, నేను ఇది రాసేవాణ్ణీ కాదు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయిపోయింది. హైదరాబాదులో రూము తీసుకుని బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరాలని పట్టుబట్టి కూర్చున్నాను. అన్నం మానేశాను. అంటే ఇంట్లో మానేశాను, హైవే మీద దాబాలో తిన్నాను. మా బాపుకు అదే హైవే మీద పంక్చర్ల దుకాణం ఉంది. ఏ ట్యూబునైనా నీళ్లలో ముంచి బుడగలు వస్తున్నాయా అని చూసే మనిషి ఆయన. నన్నూ అట్లాగే చూసేవాడు. ముంచిన ప్రతిసారీ బుడగలు వచ్చేవి.

జాతర రోజు పొద్దున బాపు నన్ను పిలిచి తేల్చేశాడు.

“అవ్వను జాతరకు తోల్కపో. ఎట్ల పోయిందో గట్లనే ఇంటికి తోల్కరా. గా ఒక్క పని సక్కగ జేసినవంటె హైదరాబాద్ పంపుత.”

“గింతేనా బాపూ?”

“గింతె. చెయ్యి ఇడువకు. మల్ల ఆమెను జాయింట్‌వీల్ ఎక్కనియ్యకు. కండ్లు తిరిగి పడ్డదంటె నువ్వు హైదరాబాద్ కాదు, దవాఖానల ఉంటవ్.”

దవాఖానలో అవ్వ కదా ఉండాల్సింది అని నేను అడగలేదు. బాపు చేతిలో టైరు ఊడదీసే ఇనుప కమ్మీ ఉంది.

జాయింట్‌వీల్ అంటే ఆ పెద్ద చక్రమే. దాంట్లో ఏది దేనికి జాయింటో ఎవరికీ తెలియదు కానీ మా దగ్గర దాని పేరు అదే. ఏటా మూడు రోజులు మా బజారులో బండ్లు బంద్ చేసి జాతర పెడతారు. గాజుల దుకాణాలు, చెరుకు రసం, ప్లాస్టిక్ తుపాకులు, మోకాళ్ల నొప్పులకు ఏదో నూనె, బజారు చివర ఆ చక్రం. డెబ్బై మూడేళ్ల మా అవ్వ రామనర్సమ్మ పదేళ్లుగా ఆ చక్రాన్నే చూస్తోంది. మిగతా జాతరంతా ఆమెకు దారిలో తగిలే అడ్డం.

“ఒరే శీనూ, ఒక్కపారి ఎక్కుతర,” అంది నా చెయ్యి పట్టుకుని.

“బాపు వద్దన్నడు అవ్వా.”

“మీ బాపును కన్నది నేను. నన్ను వద్దనేటందుకు వాడెవడు?”

“నా హైదరాబాద్ పోతదే.”

“నీకు హైదరాబాద్ ఉంది. నాకేమున్నది?”

అందుకని మాట మార్చడానికి మిర్చి బజ్జీలు కొన్నాను. నా పతనం ఇక్కడ మొదలైంది. ఒక చేతిలో బజ్జీల ప్లేటు. ఇంకో చేతిలో, ఆ బజ్జీలను ఫొటో తీసి స్నేహితులకు పంపడానికి ఫోను. మూడో చెయ్యి కోసం వెతుక్కుంటే అది పుట్టినప్పుడే రాలేదని గుర్తొచ్చింది. ఫొటో బాగా వచ్చింది. తల తిప్పి చూస్తే అవ్వ లేదు.

వెతికాను. గాజుల దుకాణాల్లో వెతికాను. నూనె అమ్మేవాడి దగ్గర వెతికాను, వాడు నా మోకాళ్లకు రెండు చుక్కలు రాసి పంపించాడు. జాయింట్‌వీల్ దగ్గరికీ పోయి లైన్లో ఉన్న ప్రతి మొహాన్నీ చూశాను. తల పైకెత్తి మాత్రం చూడలేదు. ఎందుకంటే బాపు ఎక్కొద్దన్నాడు కదా, ఎక్కదు అని నా నమ్మకం. పెద్దల మాట మీద నాకున్న గౌరవం అట్లాంటిది.

పది నిమిషాలయ్యేసరికి నా కళ్ల ముందు హైదరాబాద్ బస్సు నేను లేకుండానే కదిలిపోతోంది. ఏదేమైనా సరే, బాపు దుకాణం మూసే లోపల అవ్వను పట్టుకుని తీరాలని గట్టిగా నిశ్చయించుకుని మైకు దగ్గరికి పరుగెత్తాను.

జాతర మైకు యాదగిరన్నది. ఆయనకు టెంట్ హౌస్ ఉంది. జాతర మూడు రోజులూ ఒక కుర్చీలో కూర్చుని, తప్పిపోయిన పిల్లల్నీ దొరికిన చెప్పుల్నీ ఒకే గొంతుతో ప్రకటిస్తుంటాడు.

“ఏమైంది తమ్మీ?”

“మా అవ్వ అన్నా.”

“తప్పిపోయిందా? ఏం చీర?”

“గులాబి.”

“సరే. ‘గులాబి చీర ముసలామె తప్పిపోయింది, కనవడితె మైకు కాడికి తోల్కరాండ్రి.’ గిట్ల చెప్త. గంతె గద?”

అంతే. నిజంగానే అంతే. ఆ క్షణంలో నేను “ఆ, గంతె” అని ఉంటే మా ఇంటి పరువు ఈరోజు వేరే విధంగా ఉండేది. కానీ మా అవ్వను పట్టుకుని ‘ముసలామె’ అంటాడా? పైగా నేను కాలేజీ వార్షికోత్సవంలో వ్యాఖ్యాతగా పనిచేసినవాణ్ణి. మైకు పట్టుకుంటే నా నోట్లోంచి తొమ్మిదో తరగతి వాచకం దానంతటదే బయటికి వస్తుంది.

“నేను మాట్లాడత అన్నా. జర మంచి భాషల చెప్పాలె.”

“నా భాషకేమైంది?”

“ఏం కాలే. నువ్వు జర ఆగు.”

మైకు లాక్కున్నాను. గొంతు సవరించుకున్నాను. ఆ తర్వాత నేను పలికిన మాటలు మా బజారులో చాలామందికి ఈరోజుకీ నోటికి వచ్చు:

“అందరికీ నమస్కారం. మా నాయనమ్మ గారైన శ్రీమతి రామనర్సమ్మ గారు కొద్దిసేపటి క్రితం మమ్మల్ని విడిచి వెళ్లిపోయారు. వారి వయస్సు డెబ్బై మూడు సంవత్సరాలు. వారు గులాబీ రంగు చీరలో వెళ్లిపోయారు. వారి చివరి చూపు దక్కినవారు ఎవరైనా ఉంటే దయచేసి మైకు వద్దకు రాగలరు. వారి కోసం మేము ఎంతగానో తపిస్తున్నాము.”

చివరి వాక్యంలో నా గొంతు కొద్దిగా వణికింది కూడా. హైదరాబాద్ గుర్తొచ్చింది.

బజారులో పీపీ బూరలు ఊదే పిల్లలు ఆగిపోయారు. చెరుకు రసం మిషను ఆగిపోయింది. నా భాష ఎంత బలంగా తాకిందో చూశావా అన్నట్టు యాదగిరన్న వైపు చూశాను. ఆయన తల మీది తువ్వాల తీసి, నా చేతిలోంచి మెల్లగా మైకు తీసుకున్నాడు.

“అందరు ఒక అయిదు నిమిషాలు మౌనం పాటియ్యుండ్రి. దుకాణపోల్లు పాటలు బంద్ పెట్టుండ్రి. జాయింట్‌వీల్ అన్నా, నువ్వు గూడ ఆపు. పెద్ద మనిషి.”

మౌనం పాటిస్తే మనిషిని వెతకడం ఎట్లా అని నాకు అర్థం కాలేదు. బహుశా నిశ్శబ్దంలో చెవులు బాగా పనిచేస్తాయని అనుకున్నాను. యాదగిరన్న ఆంప్లిఫైరు కూడా కట్టేసి, నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టి నీళ్లు ఇచ్చాడు. అప్పుడు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. గాజులమ్మే పెద్దామె ముందు వచ్చి నా భుజం నిమిరింది.

“ఎప్పుడైంది బిడ్డా?” అని గుసగుసగా అడిగింది.

“ఇప్పుడే. పావుగంట అయితాంది.”

“ఎట్ల పోయింది?”

“మిర్చి తింటున్నం. గిట్ల తిరిగి సూసేసరికి పోయింది.”

“మిర్చి తినుకుంటనా? తకలీబ్ లేకుండ పోయింది తల్లి.”

“ఆమెకేం తకలీబ్. తకలీబంత నాకే.”

“గంతే బిడ్డా, ఉన్నోళ్లకే బాధ. మంచి చీరల పోయింది, పుణ్యాత్మురాలు.”

చీర రంగుకూ పుణ్యానికీ సంబంధం ఏమిటో అడుగుదామనుకునేలోపు ఆమె వెనకాల డప్పుల బృందం పెద్ద వచ్చి నిలబడ్డాడు. జాతరలో పొద్దటి నుంచి వాయిస్తున్నవాళ్లు వీళ్లే.

“ఇయ్యాల్నేనా అన్నా, రేపా?” అని మెల్లగా అడిగాడు.

“రేపేంది, ఇయ్యాల్నే. మా బాపు వచ్చేలోపల అయిపోవాలె.”

అతను గాజులామె వైపు చూశాడు. గాజులామె అతని వైపు చూసింది.

“కన్నకొడుకు రాకముందుకేనా?”

“ఆయనొస్తె నన్ను బతకనియ్యడే.”

“సరే అన్నా, నువ్వు ఫికర్ చెయ్యకు. డప్పు మేం కొడ్తం.”

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆలోచన అంటే ఇది.

“డప్పు సప్పుడుకు వస్తదంటవా?”

అతను కాసేపు నా మొహంలోకి చూశాడు. దుఃఖంలో మతి చలించినవాళ్లను అతను ఇంతకుముందు కూడా చూసి ఉంటాడు.

“వచ్చేదేముందన్నా,” అన్నాడు చాలా మెత్తగా. “మంచిగ సాగనంపుతం.”

సాగనంపుతం. ఆ మాట నా చెవిలోంచి లోపలికి దిగి, నేను మైకులో చెప్పిన ఒక్కొక్క వాక్యాన్నీ తట్టి లేపింది. విడిచి వెళ్లిపోయారు. చివరి చూపు. యాదగిరన్న మీద పడ్డాను.

“అన్నా, మైకియ్యి. అవ్వ పోలేదు. పోయింది గని పోలేదు.”

“కూసో తమ్మీ. మొదట్ల అందరికి గట్లనే అనిపిస్తది.”

“బతికే ఉంది అన్నా.”

“మన మనసులల్ల ఎప్పటికి ఉంటది.”

నేను మైకు లాగుతున్నాను, ఆయన నన్ను గుండెకు హత్తుకుంటున్నాడు. సరిగ్గా ఆ సమయంలో, బజారంతా చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దంలో, ఎక్కడో పైన ఫోను మోగింది. దాని వెనకే, ఫోను లేకపోయినా అవతలి ఊరికి వినిపించే గొంతు.

“హలో. ఎవలూ?”

వందల తలలు పైకి లేచాయి. జాయింట్‌వీల్ కొసన, అన్నిటికంటే ఎత్తున ఆగిపోయిన డబ్బాలో ఒక గులాబీ చీర కొంగు రెపరెపలాడుతోంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నా ప్రకటన విన్న పుణ్యాత్ముడెవరో ఫోను చేసి బాపుకు వార్త చెప్పాడు. బాపు ముందు నాకు చేశాడు, నా ఫోను సైలెంట్‌లో ఉంది, నేను చూసుకోలేదు. ఏం చెయ్యాలో తోచక, ఎప్పుడు ఏం తోచకపోయినా చేసే పనే చేశాడు. వాళ్ల అమ్మకు ఫోను చేశాడు. ఆయన మాటలు తర్వాత ఆయన చెబితే తెలిశాయి. అవ్వ మాటలు మాత్రం జాతరంతా విన్నది.

“అమ్మా, నువ్వేనానే? ఏడున్నవ్?”

“పైన ఉన్న బిడ్డా.”

బాపు పంక్చరేస్తున్న లారీ టైరు మీద కూలబడ్డాడట.

“పైననా?”

“ఆ, పైన్నే. మస్తు గాలొస్తాంది. ఈడికెల్లి అందరు కనవడుతున్నరు.”

“నాయిన... నాయిన కనవడ్డడా?”

“మీ నాయిన ఈడెందుకుంటడు, పిసోడ. నేనొక్కదాన్నే ఉన్న.”

“కిందికి రావా అమ్మా ఇగ?”

“నేనొస్తనంటున్న. వీళ్లే దించుతలేరు. కింద ఎవలో పోయిండ్రంట, మైకుల చెప్పిండ్రు. రామనర్సమ్మనట. నా పేరే. పాపం, గులాబి చీరనే కట్టుకుందట.”

బజారులో మొదట నవ్వింది డప్పుల పెద్ద. తర్వాత ఎవరు నవ్వలేదో చెప్పడం తేలిక. యాదగిరన్న నవ్వలేదు. తువ్వాల మళ్లీ తలకు చుట్టుకుని, ఆంప్లిఫైరు పెట్టి, నా వైపు చూస్తూ మైకులో చెప్పాడు: “ముసలామె దొరికింది. గంతె.”

చక్రం కదిలింది. అవ్వ డబ్బా కిందికి వచ్చింది. నేను పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను. ఆమె విడిపించుకుంది.

“సగమే తిప్పిండు. మిగిలిన సగం తిప్పమను.”

“అవ్వా, బాపు వస్తుండు.”

“రానియ్యి. ఇంకో అయిదేండ్లకు ఎక్కుతనో లేదో. తిప్పమను.”

తిప్పారు. బాపు మోటారు సైకిలు మీద గ్రీసు చేతులతో వచ్చి దిగేసరికి, వాళ్లమ్మ ఆకాశంలోంచి చెయ్యి ఊపుతోంది. ఆయన వెనక ఆటోలో మా చుట్టాలు, ఒకరి చేతిలో పెద్ద చామంతి దండ. బాపు అవ్వను చూసి మొహం తుడుచుకున్నాడు. గ్రీసు అంటింది. ఆయన తుడుచుకున్నది కన్నీళ్లని నేనిప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. తర్వాత నా వైపు తిరిగాడు.

“డిగ్రీ సదివిస్తి. తప్పిపోయింది అన్న ఒక్క మాట రాలేదార నీకు?”

“పుస్తకం భాషల చెప్పిన బాపూ.”

“మన భాషల చెప్తె బతికుంటుండె గద ముసల్ది.”

హైదరాబాద్ బస్సు మొత్తానికి వెళ్లిపోయింది, దాని వెనక దుమ్ము కూడా సర్దుకుంది. అప్పటికి కిందికి దిగిన అవ్వ, చుట్టం చేతిలోని దండ తీసుకుని బరువు చూస్తూ అంది:

“పిలగాణ్ణి ఏమనకు. నన్ను ఎతికేటందుకు ఊరినంత ఆపిండు. నువ్వెన్నడన్న నా కోసం ఒక రిక్షానన్న ఆపినవా? వాన్ని పంపు హైదరాబాద్.”

“గంత పెద్ద పట్నంల వీడొక్కడు ఎట్ల ఉంటడే అమ్మా?”

“ఒక్కడెందుకుంటడు? చెయ్యి పట్టుకునేటందుకు నేను పోత.”

బాపు నన్ను నీళ్లలో ముంచిన ట్యూబును చూసినట్టు చాలాసేపు చూశాడు. “సరే,” అన్నాడు. “గని ఆడ ఏదన్న అయితె నువ్వు నోరు తెరువకు. ఆమెతోని చెప్పియ్యి.”

అట్లా నేను హైదరాబాద్ పోయాను. మొదటి నెల రోజులు మా అవ్వ నాతో రూములో ఉంది. ఇంటి ఓనరుతో, పాలవాడితో, కోచింగ్ సార్లతో ఆమే మాట్లాడింది. ఎవరూ చనిపోలేదు.

ఆనాటి నుంచి నేనొక దీక్షలో ఉన్నాను. కృష్ణమ్మ మీద ఒట్టు, నార్కట్‌పల్లి అడ్డరోడ్డు మీద ఒట్టు, ఈ జన్మలో మళ్లీ ఏ మనిషినీ ‘గారు’ పెట్టి వెతకను. తప్పిపోయినవాళ్లు తప్పిపోయారనే అంటాను. మైకు కనబడితే రోడ్డు దాటి అవతలి పక్క నడుస్తాను.

అన్నట్టు, అవ్వ నంబరు నా ఫోనులోనూ ఉంది. ‘అవ్వ’ కాబట్టి లిస్టులో మొట్టమొదటి పేరు అదే. ఆ సాయంత్రం జాతరలో సిగ్నల్ నాలుగు గీతలూ ఉన్నాయి.