లిడియా గారి పప్పు పరీక్ష

తుపానుకి ఏలూరులో కరెంటు పోయినప్పుడు, మూడో అంతస్తులో లిడియా గారింటి కుళాయి బుస్సుమని ఆగిపోయింది. మోటారు లేదు, క్యాన్ నీళ్ల బండి రాలేదు. నర్సుగా ఎందరికో సెలైన్లు ఎక్కించిన ఆవిడ పక్కవీధిలో బిందె పట్టుకుని వరసలో నిలబడ్డారు. అక్కడే తేల్చేసుకున్నారు: బజారు మూతపడ్డా పొయ్యి ఆరని చోట ఉండాలి. కాస్త వరిచేను, నాలుగు కోళ్లు, పెరట్లో ఆనపపాదు, అన్నిటికన్నా ముందు సొంత నీళ్లు.

అప్పట్నుంచి ఆదివారం చర్చిలో ప్రార్థన అవగానే భర్త జీవరత్నం గారితో కారెక్కి ఊళ్లు చూడటమే పని. ఏ ఊరెళ్లినా పరీక్ష ఒక్కటే. సంచిలోంచి గుప్పెడు కందిపప్పు తీసి, ఎవరింటి పొయ్యి మీదైనా ఆ ఊరి నీళ్లతో ఉడికించడం. ఉప్పునీళ్లలో పప్పు చచ్చినా ఉడకదు.

"మనుషులు అబద్ధమాడతారేమో గాని, పప్పు ఆడదండీ" అనేవారు.

మండవల్లి దగ్గర స్థలం చూడగానే జీవరత్నం గారి మనసు జారిపోయింది. వెనకాల చేపల చెరువు, గట్టున కొబ్బరి చెట్లు. ఇల్లు కట్టే చోటు మెరక, వరదొచ్చినా గడప తడవదు. పక్కింటి మంగతాయారు పొయ్యి ఇచ్చి, నీళ్లు కూడా తనే పోసి గిన్నె ఎక్కించింది. ఆలోగా లిడియా గారు అరుగు మీద చేరిన వాళ్లకి నీళ్ల గురించి పాఠం చెప్పారు.

మూత తీస్తే పప్పు వెన్న!

"చూశారా! కొల్లేటి పక్కన అంతా ఉప్పే అంటారు. ఏవండీ, ఇవాళే మాటిచ్చేద్దాం. మీ బోరు ఎంత లోతు మంగతాయారు గారూ?"

స్థలం అమ్మే శేషగిరిరావు గారు ఎందుకో కొబ్బరి చెట్ల వైపు చూశారు. మంగతాయారు బుగ్గన వేలేసుకుంది.

"అయ్యో అక్కగారూ! ఇంటికొచ్చిన వాళ్లకి బోరు నీళ్లతో వండుతామా అండీ? కైకలూరు నుంచొచ్చే క్యాన్ నీళ్లండి. మాకు ఆమాత్రం మర్యాద తెలీదనుకున్నారా?"

అరుగంతా గొల్లుమంది. లిడియా గారూ నవ్వారు, చెవులు ఎర్రబడుతుండగా. మళ్లీ పెట్టించారు, ఈసారి బోరు నీళ్లతో. ఎంతసేపటికీ గింజ గింజలాగే ఉంది. గరిటెతో నొక్కితే ఒకటి ఎగిరి శేషగిరిరావు గారి చొక్కా మీద పడింది.

"చేపలుంటాయి కదా లిడియా" అన్నారు జీవరత్నం గారు దీనంగా. "తాగడానికి క్యాన్లు కొనుక్కుంటే పోలా?"

"తుపాను రోజున ఆ బండిని ఈదుకుంటూ రమ్మంటారా? ఆ బాధ పడలేకేగా ఏలూరు వదులుతున్నాం!"

శేషగిరిరావు గారికి నమస్కారం పెట్టి, మంగతాయారు బలవంతం మీద చేపల పులుసుతో భోంచేసి మరీ కదిలారు.

మరుసటి ఆదివారం పెంటపాడు. ఆ ఇంటావిడ నవ్వుతూ గిన్నె అందుకోబోతే లిడియా గారు వదల్లేదు.

"మీ మర్యాద తర్వాత చేద్దురుగాని తల్లీ. ముందు మీ చేతిపంపు ఎక్కడో చూపించండి."

తనే కొట్టి, తనే పట్టి, తనే పొయ్యెక్కించారు. పప్పు మెత్తగా ఉడికింది. కాస్త నోట్లో వేసుకుని చూసి, అప్పుడు గాని లిడియా గారు స్థలం చూడటానికి లేవలేదు.