ఎలుకల పుండ్లు, బాపు కాలి వేలు

ఆ రోజుల్లో నాకు ఎవరు ఫోన్ చేసినా మొదటి మాట పుండు గురించే. అవ్వ చేస్తే బాపు పుండు, గైడు సార్ చేస్తే ఎలుకల పుండు. మా ఇంట్లో అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలుస్తాం. ఒకసారి ఎవరని చూడకుండా ఎత్తి, "రెండో బోనులోది ఇయ్యాల సరిగ తినలే సార్" అన్నాను. అవతల అవ్వ. "బోన్లెవలున్నరు బిడ్డా?" అంది.

నేను కరీంనగర్‌లో ఎం.ఫార్మసీ ఆఖరి ఏడు చదువుతున్నాను. మోదుగు పూల సారంతో చేసిన జెల్ పుండును త్వరగా మాన్పుతుందా లేదా తేల్చడం నా పని. చర్మం తెగినచోట శరీరం మరమ్మతు మొదలుపెడుతుంది. ఆ గడబిడలో ఒక రకం ఆక్సిజన్ పుట్టి క్రిములను చంపుతుంది. మంచిదే. కానీ అది ఎక్కువైతే కొత్తగా పుట్టే కండను కూడా తినేస్తుంది, ఇనుమును తుప్పు తిన్నట్టు. ఆ తుప్పును ఆపేవే యాంటీ ఆక్సిడెంట్లు. మోదుగు పువ్వులో అవి ఉన్నాయి. పైన పూస్తే పనిచేస్తాయా అన్నదే ప్రశ్న. "ఉన్నాయి"కీ "పనిచేస్తాయి"కీ మధ్య నా చదువంతా ఇరుక్కుని ఉంది.

బాపు నస్పూర్‌లో బొగ్గుబాయి కార్మికుడు. బూటు ఒరుసుకుని కుడికాలి చిటికెన వేలి పక్కన పుండు లేచింది. ఆయనకు షుగర్ ఉంది. షుగర్ ఉన్నవాళ్ల కాలి మీద పుండు ఎంత దూరం పోగలదో నాకు పుస్తకాల్లో బొమ్మలతో సహా చూపించారు. ఆ పేజీలు చదివిన రోజు అన్నం తినలేకపోయాను, అదీ హాస్టల్‌లో చికెన్ పెట్టిన రోజు.

"దవాఖానకు పో బాపూ."

"పోతె కోస్తరు. మా షిఫ్టుల ఒకాయన వేలుకని పోయిండు, పాదం లేకుంట వచ్చిండు."

"గందుకే జల్ది పోవాలె."

"నువ్వు మందు జేస్తున్నవ్ గద. ఎలుకల మీద పాసు కానీ. మొదటి డబ్బ నాదే."

"మనుషుల మీద పెట్టే మందు కాదు బాపూ గది. ఇంక ఎలుకల కాడనే ఉన్నది."

"ఎలుకకు పనిజేసింది మనిషికి పనిజెయ్యదా?"

ఇదే మాట షిఫ్టులో అందరికీ చెప్పుకున్నాడు. పండక్కి ఇంటికి పోతే దారిలో ఒకాయన నన్ను ఆపి, బట్టతలకు ఏమైనా చేస్తున్నావా అని అడిగాడు. నవ్వేసి వచ్చాను. మందు పనిచేస్తే బాపు దవాఖానకు పోడు. పనిచేయకపోతే నాకు పట్టా రాదు. ఏ దేవుడికి ఏమని మొక్కాలో తెలియక మొక్కడమే మానేశాను.

పరీక్ష పద్ధతి సులువు. ఎలుకలకు మత్తిచ్చి, వీపు మీద వెంట్రుకలు తీసి, చిన్న గాయం చేస్తాం. సగం బోన్లకు మోదుగు జెల్ పూస్తాం. మిగతా సగానికి మందు లేని ఉత్త జెల్. మందు పడ్డవి ముందుగా మానితేనే మందుకు విలువ. ఏ ఎలుక ఏదో గుర్తుపట్టడానికి ఒకదానికి తల మీద, ఇంకోదానికి నడుము మీద, మరోదానికి తోక మీద పసుపుపచ్చ రంగు రాస్తాం. అది నీళ్లకు పోదు. అందుకని మా తెల్ల ఎలుకలన్నీ ఎప్పుడు చూసినా హల్దీ ఫంక్షన్ నుంచి లేచి వచ్చినట్టే ఉంటాయి.

ఎలుకల గది ఊడ్చి, బోన్లు కడిగి, దాణా వేసేది ఒక అక్క. మెథడిస్టు చర్చికి తప్పకుండా పోయే మనిషి. మొదటి రోజుల్లో ఒకసారి నా పక్కన నిలబడి చూసింది.

"గీటికేం పూస్తున్నవ్ తమ్మీ?"

"ఉత్త జెల్ అక్కా. మందు లేదు."

"మరి గవిటికి?"

"వాటికి మందున్నది."

"గీటికి పుండు లేదా?"

"ఉన్నది."

"మరి?"

"గదే పరీక్ష అక్కా."

"ఏం పరీక్షనో. బంతిల గూసున్నంక వలపక్షం చెయ్యొద్దు తమ్మీ. పెడితె అందరికి పెట్టాలె."

"ఎలుకలకు ఓటు లేదు తియ్యక్కా" అని నవ్వేశాను. ఆమె నవ్వలేదు. ఇంటి విందుల్లో వరుసగా కూర్చున్నవాళ్లలో ఒకరికి ముక్క, ఒకరికి ఉత్త పులుసు వేస్తే తరాల పాటు మాటలు ఆగిపోయే ప్రాంతం మాది. ఇది నేను గుర్తుంచుకోవలసింది.

పుండు మీద పారదర్శక కాగితం పెట్టి అంచు గీసుకుంటాం, గళ్ల కాగితం మీద పెట్టి గళ్లు లెక్కపెడతాం. గళ్లు తగ్గుతున్నాయి. మందు వేసినవాటికి తగ్గుతున్నాయి. వేయనివాటికీ తగ్గుతున్నాయి, అంతే వేగంగా, కొన్నిచోట్ల ఇంకా ముందుగా.

సార్ కాగితాలు చూసి కళ్లద్దాలు తీశాడు. "నీ మందు పనిచేస్తలేదా, నీ చెయ్యి పనిచేస్తలేదా?"

రెండూ కావచ్చు సార్ అన్నాను. ఆయనకు నా హాస్యం మీద కూడా నమ్మకం పోయినట్టుంది.

ఆ ఆదివారం పొద్దున అవ్వ ఫోన్. "వేలు నల్లగైతుంది బిడ్డా. వాసనొస్తుంది. దవాఖాన అంటె ఇంటలేడు. నువ్వు మందు తెస్తవని కూసున్నడు."

బస్సు ఎక్కేముందు ఆఖరిసారి గళ్లు లెక్కపెట్టి, ఏదో ఒక మాట తేల్చుకుని పోదామని ఎలుకల గదికి పోయాను. ఆదివారం ఎవరూ రారు. తలుపు తీసి ఉంది. అక్క చర్చికి కట్టుకున్న చీర మీదే పీట వేసుకుని కూర్చుంది. ఒళ్లో ఒక ఎలుక, పక్కన గిన్నె. గిన్నెలో మంచినూనెలో రంగరించిన పసుపు. ఎలుక కళ్లు మూసుకుని హాయిగా పూయించుకుంటోంది.

"ఎన్నొద్దుల సంది అక్కా?" అన్నాను.

"మొదటి సంది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె వద్దంటవ్."

పసుపుపచ్చ గుర్తుల మధ్య పసుపు ఎవరికి కనపడుతుంది? రోజూ ఆ ఎలుకలను చేతిలో పట్టుకుని చూసిన నాకే కనపడలేదు.

"మందున్నోటిని నువ్వు జూస్తున్నవ్. లేనోటిని ఎవలు జూడాలె? దేవునికి అన్ని ఒక్కటే."

"దేవునికి థీసిస్ లేదక్కా."

నా ముఖం చూసి గిన్నె కింద పెట్టింది. "తప్పైందా తమ్మీ?"

"ఎలుకలకైతె కాలే."

సార్‌కు ఫోన్ చేశాను. అంతా విని, "మళ్ల మొదటి నుంచి" అని పెట్టేశాడు. లక్సెట్టిపేట మీదుగా పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, బాపుకు ఏం చెప్పాలో మనసులో రాసి కొట్టేస్తూ పోయాను. మందు పనిచేయలేదంటే అబద్ధం. పనిచేసిందంటే ఇంకా పెద్ద అబద్ధం, దానికి బాపు కాలే పోవచ్చు.

బాపు మంచం మీద ఉన్నాడు. కాలి మీద తువ్వాల కప్పి ఉంది. గదిలో అగరొత్తులు వెలిగించారు, ఎందుకో అడగక్కర్లేకుండానే తెలిసింది.

"ఏదీ డబ్బ?"

జరిగింది చెప్పాను. పసుపు దగ్గరికి వచ్చేసరికి మంచం ఊగేలా నవ్వాడు. "గా అక్కను మా యూనియన్ల ఎయ్యాలె. అందరికి ఒక్కతీరు. గదే న్యాయం." తర్వాత అడిగాడు, "అంటె నీ మందు పసుపుతోని సమానమన్నట్టేనా?"

"గది గూడ తెల్వది బాపూ. ఏం తెల్వది. కొత్త ఎలుకలు, కొత్త పుండ్లు, మళ్ల మొదటి సంది."

"ఎప్పటికైతది?"

"వానలు పడేదాక."

ఆయన తువ్వాల తీసి చూసుకున్నాడు. నేనూ చూశాను.

"అప్పటిదాక గిది ఆగుతదారా?"

ఇలాంటప్పుడు ఏదో ఒకటి అని అందరినీ నవ్వించడం ఇంట్లో నా ఉద్యోగం. వెతికాను. దొరకలేదు.

"ఆగది బాపూ."

అవ్వ అప్పటికే సంచిలో దుప్పటి కుక్కుతోంది. బాపు గోడవైపు చూసి, "గీ లుంగీ మీదనే రావాల్నా, ప్యాంటు తొడుక్కోవాల్నా?" అన్నాడు. లుంగీ చాలన్నాను. అయినా ప్యాంటే వేసుకున్నాడు, కుడికాలు పైకి మడిచి.

మంచిర్యాల దవాఖానలో చిటికెన వేలు తీసేశారు. పాదం సంగతి కట్టు విప్పితే గాని చెప్పలేమన్నారు. ఆ మధ్య రోజుల్లో అవ్వ ఆయన మోకాలు మాటిమాటికీ తడుముతూ, "వెచ్చగనే ఉన్నది గద?" అని నన్ను అడిగేది. రక్తం ఆడినా వెచ్చగానే, చీము పాకినా వెచ్చగానే ఉంటుందని తెలిసిన నేను, చేయి పెట్టి చూడటానికి భయపడి, టీ తెస్తానని బయటికి పోయేవాడిని.

కట్టు విప్పే రోజు అవ్వ తల తిప్పుకుంది. బాపు పైకప్పు చూస్తున్నాడు. నర్సు ఆఖరి పొర తడిపి మెల్లగా లాగింది.

"ఎట్లున్నదిరా?" అన్నాడు బాపు.

"ఎర్రగున్నది."

"మంచిదా, చెడ్డదా?"

"మంచిదే బాపూ. కొత్త కండ."

"నిజం చెప్తున్నవా, నన్ను నవ్విస్తున్నవా?"

"నిజమే తాతా, పాదం దక్కింది" అంది నర్సు.

బాపు మోచేతుల మీద లేచి, "ఎవలే తాత? నాకింకా మనుమలే లేరు" అన్నాడు.