ఏసుమణి పాసైన పరీక్ష

ఎర్రగుంట్ల పక్కన నాపరాళ్ల గనుల్లో ఏసుమణి చిన్నప్పటి నుంచి పనిచేసింది. మొగుడు పోయాక ఆ రాళ్లు మోస్తూనే ఒక్కగానొక్క కొడుకు జయకుమార్‌ను పెంచింది. చదువు రాదు. కానీ ఆదివారం చర్చిలో విన్న బైబిలు వాక్యం విన్నట్టే నోటికి వచ్చేసేది. సంఘమంతా ఆమెను చూసి గర్వపడేది. ఆ గర్వమే చివరికి ఆమె ప్రాణం మీదికి తెచ్చింది.

రెండేళ్లుగా ఏసుమణి తిన్న సంగతి మరిచి మళ్లీ అన్నం అడుగుతోంది. ఉత్త గిన్నె పొయ్యి మీద పెట్టి వెలిగిస్తోంది. పనికి పోతున్నానంటూ, ఎప్పుడో మూతబడి నీళ్లు నిండిన గని వైపు నడుస్తోంది. కోడలు మహిమ రాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో కూలికి పోకపోతే పూట గడవదు. అందుకే అత్తను ఇంట్లో ఉంచి తాళం వేసి పోయేది. లోకానికి కనిపించింది ఆ తాళం ఒక్కటే. గొడ్డును కట్టేసినట్టు కట్టేసిందని ఆడవాళ్లు మహిమ ముఖం మీదే అన్నారు. లారీ మీద తిరిగే జయకుమార్‌ కూడా ఇంటికి వచ్చినప్పుడల్లా అదే పాట. ఈ మాటలన్నవాళ్లలో ఒక్కరైనా వచ్చి ఒక పూట ముసలామె దగ్గర కూర్చున్న పాపాన పోలేదు.

ముసలివాళ్ల జ్ఞాపకశక్తిని పరీక్షించడానికి చర్చి దగ్గర క్యాంపు పెడుతున్నారంటే మహిమకు ప్రాణం లేచొచ్చింది. ఇది జబ్బు అని నర్సు నోట వస్తే చాలు. మందులు దొరుకుతాయి, తాళం ఎందుకో నలుగురికీ తెలుస్తుంది.

నర్సు ఏసుమణిని బెంచీ మీద కూర్చోబెట్టి, "ఇది ఏ నెలవ్వా?" అని అడిగింది. ఏసుమణి తడుముకుంది. వెనక నుంచి ఎవరో "ఆగ..." అన్నారు.

"ఆగస్టు," అంది ఏసుమణి.

ఆ చర్చిలో అది అలవాటు. వాక్యం అప్పజెప్పేవాళ్లు మధ్యలో ఆగిపోతే పక్కవాళ్లు మాట అందిస్తారు. ఒకరి పరువు అందరి పరువు. నర్సు మూడు మాటలు చెప్పి, కాసేపాగి మళ్లీ చెప్పమంటే ఆ మూడూ అలాగే అందాయి.

"మీరు చెప్పకూడదండీ," అని నర్సు కసిరింది.

సంఘపెద్ద లేవి నవ్వాడు. "మా అక్కకు మతిమరుపేందమ్మా? అక్కా, వాక్యం చెప్పు."

ఏసుమణి కళ్లు మూసుకుని, ఒక్క మాట పొల్లుపోకుండా గడగడా చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఎప్పుడో నేర్చింది గుర్తుండటం వేరు, ఈ పూట సంగతి గుర్తుండటం వేరు. అది తెలిసిన నర్సుకు తీరిక లేదు, బయట ఇంకా చాలామంది వరుసలో ఉన్నారు. బాగుందని రాసేసింది.

"ఇంట్లో శానా కష్టంగా ఉండాదమ్మా. ఒంటరిగా కూచోబెట్టి ఇంగోసారి అడగండి," అని మహిమ బతిమాలింది.

"ఇంగ సాల్లేమ్మా," అన్నాడు లేవి. "నర్సమ్మే బాగుండాదంటాంది. ఇంగ తాళం వేసినావంటే సంఘం ఊరుకోదు."

మర్నాడు మహిమ తాళం వేయకుండా పనికి పోయింది. సాయంత్రం ఏసుమణిని గని నీళ్లలోంచి బయటికి తీశారు.

లేవి వచ్చి మహిమ పక్కన కూర్చున్నాడు. "దేవుని చిత్తమమ్మా," అన్నాడు.

"తప్పును దేవుని మీదికి నూకొద్దన్నా," అంది మహిమ. "తాళం వేయొద్దనింది మీరు. వేయకుండా పోయింది నేను."