సాయంత్రానికి లేవని పాదం

2022 వర్షాకాలం. రాజోలులోని నా ఫిజియోథెరపీ క్లినిక్‌కు మామిడికుదురు వైపు నుంచి ఒక అత్తా కోడలూ వచ్చారు. కోడలు నాగరత్నం రొయ్యలు వలిచే షెడ్డులో కూలి. అంతకు ముందు వారం పని నుంచి వచ్చి, కూతుర్ని చంకనెత్తుకుని గడప దాటుతూ బోర్లా పడింది. పిల్ల చెయ్యి విరిగింది.

"పాదం లేవట్లేదంటాదండి. పొద్దున్న బానే నడుస్తాది, సాయంత్రానికి ఈడుస్తాది. పనికి ఒళ్ళొంగక వేసే వేషాలండి ఇవి," అంది అత్తగారు సుబ్బమ్మ.

నాగరత్నం తలెత్తలేదు. "నిజంగానే లేవట్లేదండి."

బల్ల మీద పడుకోబెట్టి మజిల్ టెస్ట్ చేశాను. నేను చేత్తో కిందికి నొక్కుతుంటే రోగి పాదాన్ని పైకి లాగాలి. రెండు పాదాల్లోనూ బలం సమానంగా ఉంది.

"చూసేరా అండీ!" అంది సుబ్బమ్మ.

"షెడ్డులో ఎలా కూర్చుంటారమ్మా?" అని నాగరత్నాన్ని అడిగాను. మోకాళ్ళు పూర్తిగా మడిచి, నేల మీద గొంతుక్కూర్చుని చూపించింది.

"అన్నానికి తప్ప లేవనివ్వరా?"

"ఆయ్, అంతేనండి."

అలాగే కాసేపు కూర్చోమని, ఇంకో రోగిని చూసి వచ్చాను. ఈసారి పరీక్షిస్తే కుడిపాదం వేలాడిపోయింది. లాగమంటే వేళ్ళు కదిలాయి, అంతే. దీన్ని ఫుట్ డ్రాప్ అంటాం. పాదాన్ని లేపే కండరాలకు వెళ్ళే పెరోనియల్ నరం మోకాలి కింద బయటివైపు ఎముకను ఆనుకుని ఉంటుంది. గంటల తరబడి గొంతుక్కూర్చుంటే అది నలుగుతుంది. రాత్రి విశ్రాంతికి కాస్త తేరుకుంటుంది. సాయంత్రానికి అలసట కూడా తోడై పాదం జారుతుంది.

సుబ్బమ్మ కోడలి పాదాన్ని తన చేత్తో ఎత్తి వదిలింది. అది వాలిపోయింది. "ఎన్నేసి మాటలన్నానే తల్లీ," అంది.

స్టూలు మీద కూర్చునే పని చెయ్యాలన్నాను. మర్నాడు సుబ్బమ్మే స్టూలు మోసుకుని షెడ్డుకు వెళ్ళింది. ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారని మేస్త్రీ దాన్ని బయట పెట్టించాడు. పిల్ల చేతికి ఇంకా కట్టుంది, ఆ ఖర్చూ ఉంది. పని మానే వీల్లేక నాగరత్నం మళ్ళీ గొంతుక్కూర్చుంది.

చలికాలంలో ఆమె మళ్ళీ నా దగ్గరకు వచ్చేసరికి పొద్దున్న కూడా పాదం లేవడం లేదు. నరాల డాక్టరు దగ్గరకు పంపాను. పాదం వాలకుండా ఆపే ప్లాస్టిక్ స్ప్లింట్ పెట్టాం. పోయిన బలం పెద్దగా తిరిగి రాలేదు.

విశ్రాంతిగా పడుకున్న కాలు సగమే చెబుతుందని ఈ కేసు నేర్పింది. రోగి రోజంతా ఏ భంగిమలో ఉంటారో, అలిసిపోయాక ఆ కండరం ఏమవుతుందో చూడాలి. చూసినంత మాత్రాన కాపాడగలమనుకోకూడదని కూడా నేర్పింది.

కోడలి బదులు ఇప్పుడు సుబ్బమ్మే షెడ్డుకు వెళ్తోంది. ఈమధ్య తిమ్మిరెక్కిన కాలు చూపించడానికి వచ్చింది. నేను నోరు తెరిచేలోపే అంది: "మానెయ్యమని మటుకు చెప్పకండి డాక్టరుగారూ. ఇంకేదన్నా చెప్పండి."